వరదకి మా ఇంజను పడవ పట్టుకెళ్ళేరు, ఈసారి దాచేస్తే కేసవుద్దా?

లంకబుల్లోడు (సాయంత్రం 6:40)
అందరికీ నమస్కారం అండి. మాది పి.గన్నవరం వైపు గోదారి లంక. అరటి గెలలు, కొబ్బరికాయలు ఒడ్డుకి చేరెయ్యడానికి మాకో ఇంజను పడవ ఉంది, మా నాన్నకి ఆస్తన్నా అదే, చెయ్యీ కాలూ అన్నా అదే. 2022 జులై వరద మీకందరికీ గుర్తుండే ఉంటది, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటేసింది, లంకలన్నీ ములిగిపోయేయి. అప్పుడో రాత్రి ఇద్దరు ఆఫీసు వాళ్ళూ ఒక కానిస్టేబులూ వచ్చి పడవ కావాలన్నారు. నాన్న ఒక్క మాట అడగలేదండి, తాళం తీసి ఇచ్చేసేడు, పైగా పక్కింట్లోంచి మంచి గడ కూడా అడిగి తెచ్చిచ్చేడు.

తొమ్మిది రోజులు తిరిగింది. తిరిగొచ్చేటప్పటికి ముందువైపు రెండు చెక్కలు పగిలిపోయున్నాయి, ఇంజను ఫ్యాను రెక్క విరిగిపోయింది, అడుగున బురదలో పాల పేకెట్ల కవర్లూ ఎవరో చిన్నపిల్లది ఎర్ర చెప్పు ఒకటీ ఉన్నాయి. బాగుచేయించడానికి 31 వేలు అయ్యింది. ఆఫీసుకి పదిసార్లు తిరిగేం, ఒకసారి ఫైలు పైకెళ్ళింది అన్నారు, ఇంకోసారి ఆ సారు బదిలీ అయిపోయేరు అన్నారు, ఆఖరికి "మీ పడవ అసలు లిస్టులోనే లేదు" అన్నారు. మా దగ్గర కాయితం ముక్క లేదు.

ఇప్పుడు మళ్ళీ నీళ్ళొస్తున్నాయి. నిన్న రెండో ప్రమాద హెచ్చరిక ఎత్తేరు. నాన్నేమో పడవని పాయ లోపలికి తోసుకెళ్ళి రెల్లు దుబ్బుల్లో కట్టేస్తానంటున్నాడు. నాకు భయంగా ఉంది. దాచేస్తే కేసు పెడతారా? అసలలా పట్టుకెళ్ళే హక్కు వాళ్ళకి ఉందా? తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్.

దోహా_భీమారం (6:58)
ఏం హక్కు బ్రో, ఎమర్జెన్సీ డిక్లేర్ చేసేరా ఏమన్నా? చెయ్యకుండా ఒకడి వస్తువు ముట్టుకోడానికి ఎవడికీ రైట్ లేదు. దాచేయమను నాన్నగార్ని. మా బాబాయిది ట్రాక్టరు ఇలాగే ఇసక బస్తాలు మొయ్యడానికి పట్టుకెళ్ళి టైర్లు అరిగిపోయేక వదిలేరు, ఇప్పటికీ డీజిల్ డబ్బులు రాలేదు.

గట్టుమీద_మాస్టారు (7:15)
బాబూ లంకబుల్లోడూ, తప్పుగా అనుకోకు. ఆ ఎర్ర చెప్పు పిల్లని మీ పడవే దాటించింది, అది ఆలోచించు. 1986 ఆగస్టులో నేను హైస్కూల్లో చదువుతున్నా, 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది, మా ఊళ్ళో జనం ఇంటి కప్పుల మీదా చెట్ల మీదా రెండు రోజులు ఉన్నారు. అప్పుడు పడవ ఉన్నోడు దేవుడు. ఎవరూ అద్దె అడగలేదు. ఈరోజు పక్కూరోడు ములిగిపోతుంటే పడవ రెల్లులో దాచేస్తామా? మీ నాన్నగారి కష్టం నిజమే కానీ ఈ ఆలోచన మంచిది కాదు.

దోహా_భీమారం (7:21)
మాస్టారూ పడవ ఇవ్వొద్దని ఎవరన్నారండీ. ఫస్ట్ టైము ఇచ్చేరు కదా గడ తెచ్చి మరీ. తిరిగిచ్చేటప్పుడు చెక్కలు పగలగొట్టి లిస్టులో లేదంటే అదేం దేవుడికి జరిగే మర్యాదండీ.

లంకబుల్లోడు (7:24)
మాస్టారూ నాన్న కూడా అదే అన్నాడండి, జనాన్ని దాటించడానికైతే నేనే నడుపుతా, నన్ను పిలవమను అని. పోయినసారి ఏట్లో సుడులు తెలీని కుర్రాడికి ఇచ్చి నడిపించేరు. అందుకే చెక్కలు పోయేయి.

కోర్టుపక్షి (8:05)
అమలాపురం కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. ఎవరి ఆవేశం వాళ్ళది కానీ ముందు చట్టం ఏమందో చూద్దాం, ఎందుకంటే పైన దోహా గారు చెప్పింది తప్పు, దాన్ని నమ్మి ఎవరన్నా పడవ దాస్తే ఇబ్బంది పడతారు.

ఎమర్జెన్సీ అనే మాట మనకి 1975ని గుర్తుచేస్తది. అది రాజ్యాంగం 352 కింద రాష్ట్రపతి ప్రకటించేది, యుద్ధానికో సాయుధ తిరుగుబాటుకో. వరదకి, తుఫానుకి అది అక్కర్లేదు. ఇక్కడ పనిచేసేది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. అందులో 65వ సెక్షను ప్రకారం జిల్లా అథారిటీ గానీ, వాళ్ళు అధికారం ఇచ్చిన ఆఫీసరు గానీ సహాయ చర్యలకి కావాల్సిన సామానూ, మనుషుల సేవలూ, ఇల్లూ, వాహనం రిక్విజిషన్ చెయ్యొచ్చు, అంటే అవసరం తీరేదాకా స్వాధీనం చేసుకోవచ్చు. వాహనం అంటే ఇంజనుతో నడిచినా నడవకపోయినా రవాణాకి పనికొచ్చేది ఏదైనా సరే అని నిర్వచనం రాసేరు. అంటే మీ పడవే కాదు, తెడ్డేసే నాటు పడవ కూడా అందులోకి వచ్చేస్తదని నా అభిప్రాయం. దీనికి ముందుగా ఏ ప్రకటనా చెయ్యాలని రూలు లేదు. టీవీలో "జాతీయ విపత్తుగా ప్రకటించాలి" అని ప్రతి తుఫానుకీ అడుగుతుంటారు చూడండి, అలా ప్రకటించడం అనేది కూడా ఆ చట్టంలో ఎక్కడా లేదు.

కానీ (ఇది పెద్ద కానీ) ఆ 65లోనే "రాతపూర్వక ఉత్తర్వు ద్వారా" అని ఉంది. నోటిమాటతో తీసుకెళ్తే అది రిక్విజిషన్ కాదు, మీరు అరువు ఇచ్చినట్టు. అవసరం ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళే ఉంచుకోవాలనీ ఉంది. 66వ సెక్షనులో డబ్బు లెక్క ఉంది: వాహనానికైతే ఆ చుట్టుపక్కల నడుస్తున్న అద్దె రేటు ఎంతో అంత. ఇచ్చింది చాలదనిపిస్తే మధ్యవర్తికి పంపమని ప్రభుత్వాన్ని అడగొచ్చు, ఇంటి విషయంలో దానికి 30 రోజుల గడువు.

దాచడం గురించి. ఆర్డరు చేతికి రాకముందు మీ పడవ మీరు ఎక్కడ కట్టుకున్నా అది మీ ఇష్టం. ఆర్డరు వచ్చేక ఇవ్వనంటే 57వ సెక్షను, ఏడాది దాకా జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ. ఇంకా 51 కూడా ఉంది, ఆదేశం పాటించకపోవడానికి, దానివల్ల ప్రాణం పోతే శిక్ష రెండేళ్ళ దాకా. కాబట్టి రెల్లులో కట్టి తర్వాత "నాకు తెలీదు" అనే ఆట ఆడకండి.

పులసప్రియుడు (8:11)
అరువు ఇచ్చినట్టు 😀 అయితే మా ఊళ్ళో గవర్నమెంటు సగం అరువు మీదే నడుస్తుందండి లాయర్ గారూ

డీటీ_విశ్రాంతి (9:02)
డిప్యూటీ తాసిల్దారుగా చేసి రిటైరయ్యేను, డెల్టాలోనే నాలుగు మండలాల్లో. ఆఫీసు వైపు నుంచి కూడా ఒక ముక్క చెప్తాను, తిట్టుకోకుండా వినండి.

రాత్రి పదకొండింటికి పైనుంచి ఫోనొస్తది, ఫలానా లంకలో నూటయాభై మంది ఉన్నారు, రెండు గంటల్లో బయటికి తేవాలి అని. కరెంటుండదు, కంప్యూటరుండదు, స్టాంపు ఎవరి బేగులో ఉందో తెలీదు. మేం చేతిలో టార్చిలైటు పట్టుకుని పడవల కోసం గట్టెంట పరిగెడతాం. ఆ టైములో ఆర్డరు టైపు చేయించి నంబరేయించి ఇవ్వడమనేది అవ్వదు. అందుకే నేను చేసిన రోజుల్లో ఒక రూళ్ళ నోటు పుస్తకం పెట్టుకునేవాణ్ణి, కార్బన్ పేపరేసి, "ఈ పడవ ఫలానా వారి నుండి వరద సహాయక చర్యలకు స్వాధీనం చేసుకొనడమైనది, సమయం ఇంత" అని రాసి సంతకం పెట్టి చింపి ఇచ్చేవాణ్ణి. అది చాలు. టైపే అయ్యుండాలని చట్టంలో లేదు కదా లాయరు గారూ?

డబ్బు ఎక్కడ ఆగుద్దో కూడా చెప్తాను. అర్జెంటు ఖర్చులకి కలెక్టరు గారు ట్రెజరీ రూలు 27 కింద ముందు డబ్బు డ్రా చేస్తారు, తర్వాత వోచర్లతో లెక్క చెప్పుకోవాలి. మండలం నుంచి వెళ్ళే వోచర్లో పడవ యజమాని పేరు, ఎన్ని రోజులు, రోజుకెంత, ఎవరు సర్టిఫై చేసేరు అన్నీ ఉండాలి. నీళ్ళు తీసిన వారానికి అందరికీ పంట నష్టం ఎన్యూమరేషన్ పనొచ్చి మీద పడుద్ది, పడవల లెక్క పక్కకిపోద్ది. సంతకం పెట్టాల్సినోడు బదిలీ అయిపోతే కొత్తగా వచ్చినోడు తను చూడనిదానికి సర్టిఫై చెయ్యడు, చెయ్యకూడదు కూడా, రేపు ఆడిట్లో వాడి జీతంలోంచి కోస్తారు. అందుకే చెప్తున్నా, కాయితం మీ కోసమే కాదు, ఆ ఆఫీసరు కోసం కూడా.

మీ నాన్నగారిది దొంగ లెక్క అని ఎవరూ అనుకుని ఉండరు, లిస్టు రాసినోడు ఆ రాత్రి మీ రేవులో లేడు, అంతే అయ్యుంటది.

కోర్టుపక్షి (9:10)
చేతిరాత బ్రహ్మాండంగా చెల్లుద్ది సార్. పేరు, హోదా, తేదీ, సమయం, సంతకం. స్టాంపు లేకపోయినా పర్లేదు.

రొయ్యలచెరువు (9:31)
పడవలోళ్ళు నయం అండి, పడవ తిరిగొచ్చింది. నాది వినండి. భీమవరం పక్కన 6 ఎకరాల వనామీ రొయ్యల చెరువు. ఒక తుఫానులో డ్రెయిను పొంగి పైన ఊరు ములుగుతుందని రాత్రికి రాత్రి జేసీబీ తెచ్చి డ్రెయిను గట్టు నా చెరువు వైపు కొట్టేసేరు. నీళ్ళు నా చెరువులోంచి పక్క పంటకాలవలోకి పోయేయి, ఊరు తేలింది. నా రొయ్య కూడా పోయింది, నలభై కౌంటు (కిలోకి నలభై తూగేవి), ఇంకో వారంలో పట్టుబడి. ఏరేటర్లు బురదలో కూరుకుపోయి కనపడ్డాయి. ఇదేం సెక్షను లాయర్ గారూ? తీసుకోలేదు కదా, పాడుచేసేరు. అడిగితే "గట్టు దానంతటదే తెగింది" అన్నారు. జేసీబీ పళ్ళ గీతలు గట్టుకి క్లియర్‌గా కనపడుతున్నాయి, ఫోటోలు ఉన్నాయి నా దగ్గర.

ఊరోళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళు బతకాలి. కానీ ఊరంతా బతకడానికి అయిన ఖర్చు ఒక్కడి చెరువు మీదే రాసేస్తే ఎలాగండీ.

దోహా_భీమారం (9:36)
అన్నా నలభై కౌంటు పోయిందా 😞

కోర్టుపక్షి (10:20)
రొయ్యలచెరువు గారూ, మీది కష్టమైన ప్రశ్న. వాడుకోడానికి తీసుకోవడం వేరు, ఆపద ఆపడానికి పాడుచెయ్యడం వేరు. 66లో ఇంటికీ వాహనానికీ లెక్క విడమరిచి ఉంది. సామానుకే అంత స్పష్టంగా లేదు (గండి పూడ్చడానికి పట్టుకెళ్ళే సరుగుడు బాదులు, బస్తాలు లాంటివి), ఇంక గట్టు కొట్టి ముంచేసిన చెరువు మాట చెప్పక్కర్లేదు. పైగా 73 కింద సదుద్దేశంతో చేసిన పనికి ఆఫీసర్లకి రక్షణ ఉంది. 71 ప్రకారం కింది కోర్టుల్లో దావా నడవదు, హైకోర్టుకో సుప్రీంకోర్టుకో వెళ్ళాలి. మీకున్న దారి రిట్ (హైకోర్టులో వేసే పిటిషను), పట్టు రాజ్యాంగం 300ఏ: చట్టం అధికారం లేకుండా ఎవరి ఆస్తీ తీసెయ్యకూడదు.

ఒక విషయం చాలామందికి తెలీదు, ఆస్తి ఇప్పుడు ప్రాథమిక హక్కు కాదు. 44వ సవరణతో తీసేసేరు, 1979 జూన్ 20 నుంచి అమలు. ఇప్పుడది రాజ్యాంగం ఇచ్చిన హక్కు మాత్రమే. అలాగని తేలిక కాదు. హిమాచల్‌లో ఒక ముసలావిడ స్థలం 1967 ప్రాంతంలో రోడ్డుకి తీసేసుకుని పైసా ఇవ్వలేదు, ఆవిడకి చదువు రాదు, అడగాలని కూడా తెలీదు. కోర్టుకెక్కేక ప్రభుత్వం ఏమందో తెలుసా, ఇన్నేళ్ళు మా ఆధీనంలోనే ఉంది కాబట్టి మాదే అంది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చీవాట్లేసి డబ్బు ఇప్పించింది. ఆలస్యం అయ్యిందని న్యాయం ఆపలేం అంది.

రంగూన్_మనవడు (10:58)
రొయ్యలచెరువు గారి మాట చదివేక రాయకుండా ఉండలేకపోతున్నా, పెద్దదైతే క్షమించండి.

మా ముత్తాత కోరంగి వైపు నుంచి బర్మాలో రంగూన్ వెళ్ళిన మనిషి. అక్కడ తెలుగోళ్ళని కోరంగీలనే పిలిచేవారు, రేవులో కూలీలు, సాంపాన్లు (చిన్న పడవలు) నడిపేవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్ళు మనోళ్ళే బోలెడుమంది. 1942లో జపానోళ్ళు వస్తున్నారని లక్షలమంది నడిచి బయల్దేరేరు, ఆయన కూడా అలాగే అడవుల్లోంచి వచ్చేడు. ఇంటికి చేరేక చెప్పిన కథల్లో ఒకటి మా తాత దగ్గర విన్నాను, వెనక్కి తిరిగి చూస్తే నూనె ట్యాంకుల పొగ ఆకాశమంతా నల్లగా ఉందని. అవి జపానోళ్ళు కాల్చినవి కావు. శత్రువు చేతిలో పడకూడదని బ్రిటిష్ సైన్యమే తగలబెట్టించింది.

ఆ ఆయిలు కంపెనీ తర్వాత బ్రిటన్‌లో కేసేసింది, మీ ఆర్డరుతో మా ఆస్తి పాడయ్యింది, పరిహారం ఇవ్వండి అని. 1964లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడి పై కోర్టు) ముగ్గురు ఇటు ఇద్దరు అటుగా కంపెనీకే అనుకూలంగా చెప్పింది. యుద్ధంలో అందరి కోసం ఒకడి సొత్తు కాల్చితే ఆ భారం అందరూ మొయ్యాలని. అచ్చం రొయ్యలచెరువు గారి మాటే. మరి ప్రభుత్వం ఏం చేసిందంటే 1965లో ఒక చట్టం చేసి, వెనకటి తేదీతో సహా అలాంటి పరిహారం ఏదీ రాదు పొమ్మంది. గెలిచిన కంపెనీకి కూడా దక్కలేదు. అంత పెద్ద కంపెనీకే అలా అయితే తలమీద మూటతో నడిచొచ్చిన మా ముత్తాత గుడిసె లెక్క ఎవడికి కావాలండీ.

అదే ఏడు, 1942లో, బెంగాల్ తీరంలో పదిమందికి మించి పట్టే పడవలన్నీ పట్టుకుపోయేరు, జపానోళ్ళు వాడుకుంటారేమోనని. చేపలోళ్ళకీ లంకల్లో సాగు చేసేవాళ్ళకీ కాళ్ళు విరిచేసినట్టే. మరుసటేడు వచ్చిన కరువుకి ఉన్న కారణాల్లో దాన్ని కూడా చెప్తారు. కాకినాడ మీద బాంబులు పడింది కూడా ఆ ఏప్రిల్లోనే, 6వ తారీకున. మనవైపు కూడా పడవల మీద అలాంటి ఆర్డరు పడుంటే లంకలు ఏమయ్యేవో.

పులసప్రియుడు (11:04)
ఇది చదివేక జోకు రావట్లేదండి

గట్టుమీద_మాస్టారు (11:20)
రంగూన్ గారూ చాలా విషయం చెప్పేరు. నేను ఇందాక కాస్త కటువుగా రాసేను. అయితే ఒక్కటి, బెంగాల్లో పడవలు పట్టుకుపోయింది జనాన్ని కాపాడ్డానికి కాదు, ఇక్కడ పడవ తీసుకునేది జనం కోసం. రెండిటినీ ఒకే గాటన కట్టకూడదు.

హాలు_ఆంటీ (ఉదయం 7:12)
మాస్టారు గారూ జనం కోసమే అన్న మాట నేను రెండేళ్ళు విన్నానండి. మాకు కల్యాణ మండపం ఉంది, పేరు చెప్పను. 2020లో కరోనాకి క్వారంటైన్ సెంటర్ పెడతాం అని తీసుకున్నారు. మాకు ఆర్డరు ఇచ్చేరు, అబద్ధం ఎందుకు, కాయితం ఉంది నా దగ్గర, సెక్షను నంబరు 65 అని కూడా రాసుంది. మొదటి నెల మేమే వంటగిన్నెలిచ్చేం. వాళ్ళు వెళ్ళిపోయేక చూస్తే మరుగుదొడ్లు ఎనిమిదికి అయిదు పనికిరాకుండా పోయేయి, ఫ్యాన్ల రెక్కలు వంకరలు. సరే అది పోనీ. ఆ తర్వాత పెళ్ళిళ్ళు మొదలయ్యేక కూడా ఏడాది పాటు ఎవరూ బుక్ చెయ్యలేదు, అది కరోనా హాలు అని. దాని అద్దె ఎవరిస్తారు? చివరికి కరెంటు బిల్లూ కొంత డబ్బూ వచ్చింది, అడిగి అడిగి. మావారు అనేవారు, మనకి కనీసం కాయితం ఉంది కాబట్టి కొంతైనా వచ్చింది, పక్క హాలు వాళ్ళకి అది కూడా లేదు అని.

లంకబుల్లోడు బాబూ, ఇచ్చేముందు పడవకి అన్నివైపులా ఫోటోలు తీయి. మేం తియ్యలేదు, అదే మా తప్పు.

జెర్సీ_ద్రాక్షారామం (7:40)
ఇక్కడ అమెరికాలో ఒక ఫేమస్ కేసు ఉంది, 1952 ఏప్రిల్లో కొరియా యుద్ధం నడుస్తుంటే స్టీలు ఫ్యాక్టరీల్లో సమ్మె వచ్చేలా ఉందని ట్రూమన్ వాటిని గవర్నమెంట్ చేతిలోకి తీసేసుకున్నాడు. జూన్ 2న సుప్రీంకోర్టు 6-3తో కొట్టేసింది. ఎమర్జెన్సీ ఉందా లేదా అని కాదు, నీకా పవర్ ఏ చట్టం ఇచ్చిందో చూపించు అంది. చూపించలేకపోయేడు. మన దగ్గర చట్టం ఉంది కాబట్టి ఆ కేసు మనకి డైరెక్ట్‌గా పనికిరాదు కానీ ప్రెసిడెంటునే కాయితం చూపించమన్నారు, అది నచ్చింది నాకు.

తాటిపాక_కుర్రోడు (8:03)
అన్నలూ మా పొలం ఏటిగట్టు పక్కన 40 సెంట్లు, గట్టు ఎత్తు పెంచుతాం వరద వస్తుంది అర్జెంటు అని మార్కింగ్ వేసేరు. ఇది కూడా 65 కిందేనా? మళ్ళీ తిరిగివ్వరు కదా ఇది.

కోర్టుపక్షి (8:30)
కాదు. 65 వాడుకుని వదిలేసేదానికే. భూమి శాశ్వతంగా కావాలంటే 2013 భూసేకరణ చట్టం, అందులో అర్జెన్సీ కింద తీసుకోవాలంటే 40వ సెక్షను. పాత 1894 చట్టంలో 17వ సెక్షను పెట్టుకుని బస్టాండుకీ అర్జెంటే కాలనీకీ అర్జెంటే అన్నట్టు వాడేసేవారు. ఇప్పుడు దేశ రక్షణ, భద్రత, ప్రకృతి విపత్తు, లేదంటే పార్లమెంటు ఆమోదించిన వేరే అత్యవసరం, వీటికే. స్వాధీనం చేసుకునే ముందే అంచనా పరిహారంలో 80 శాతం ఇవ్వాలి, మొత్తం మీద అదనంగా 75 శాతం కలపాలి. నోటీసు వచ్చిందా మీకు? మార్కింగ్ ఒక్కటే అయితే దానికి విలువ లేదు. నోటీసు ఫోటో తీసి విడిగా మెసేజ్ పెట్టండి.

డీటీ_విశ్రాంతి (8:52)
ఎలక్షన్లకి బస్సులూ జీపులూ తీసుకుంటాం చూడండి, 1951 ప్రజా ప్రాతినిధ్య చట్టం 160 కింద, అందులో వాహనంతో పాటు పడవ, జంతువు అని కూడా పేరు పెట్టి రాసేరు. లంకల్లోకి బాక్సులు పడవల మీదే వెళ్ళేవి మరి. ఎలక్షన్ డ్యూటీకి వెళ్ళిన ఏ డ్రైవరునన్నా అడగండి, డబ్బులు ఠంచనుగా వస్తాయి, ఎందుకంటే లాగ్ బుక్కు ఉంటది. ఎక్కిన టైము దిగిన టైము కిలోమీటర్లు సంతకం. వరదకి అలాంటి పుస్తకం ఉండదు. చట్టంలో తేడా లేదు, పుస్తకంలోనే ఉంది తేడా అంతా.

దోహా_భీమారం (8:59)
ఓట్లకైతే లాగ్ బుక్కు, జనానికైతే టార్చిలైటు. అర్థమయ్యింది సార్

మోడరేటర్ (9:05)
పార్టీల పేర్లు వచ్చిన మూడు కామెంట్లు తీసేసేం. ఏ ప్రభుత్వంలో ఏమయ్యింది అనేది వేరే చోట మాట్లాడుకోండి. ఆఫీసర్ల పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టకండి.

కోర్టుపక్షి (9:18)
లంకబుల్లోడు గారూ, పాత 31 వేల సంగతి కూడా చెప్తాను. ఆర్టీఐ వెయ్యండి: 2022 జులైలో మీ మండలంలో వరదకి వాడిన పడవల జాబితా, యజమానుల పేర్లు, రోజులు, చెల్లించిన అద్దె, వోచర్ల నకళ్ళు. 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ పడవ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ కాయితం, అప్పటి ఫోటోలు, పేపర్లో ఏదన్నా వచ్చి ఉంటే అది జతచేసి కలెక్టరుకి అర్జీ. ఊళ్ళో ఇద్దరు ముగ్గురు చూసినవాళ్ళ సంతకాలు పెట్టించండి. ఆ పడవెక్కి బయటపడ్డవాళ్ళ సంతకాలైతే ఇంకా మంచిది.

పులసప్రియుడు (9:22)
ఆ జాబితాలో పడవే లేని వాళ్ళ పేర్లుంటే ఇక్కడ పెట్టకు తమ్ముడూ, మోడరేటర్ గారికి పనెక్కువైపోద్ది

రొయ్యలచెరువు (9:40)
లాయర్ గారూ నేను రిట్ వేద్దాం అనుకుంటున్నా. జేసీబీ అద్దె బిల్లు ఎవరో ఒకరు పెట్టి ఉంటారు కదా. అది ఆర్టీఐలో అడగొచ్చా?

కోర్టుపక్షి (9:44)
అది మీకు తట్టడం చాలా బాగుంది. దానంతటదే తెగిన గట్టుకి జేసీబీ బిల్లెందుకయ్యా అని అడగొచ్చు. వెంటనే వెయ్యండి.

డీటీ_విశ్రాంతి (9:47)
పని మొదలెట్టిన టైము ఆ బిల్లులోనే ఉంటది. గంటల లెక్కన ఇస్తారు అద్దె.

లంకబుల్లోడు (రాత్రి 8:15)
అందరికీ చాలా థాంక్స్ అండి. పొద్దుటి నుంచి సిగ్నల్ లేదు. మూడో హెచ్చరిక ఎత్తేరు, 17.75 అడుగులు దాటింది, మా కాజ్‌వే మీద నడుంలోతు నీళ్ళు.

నిన్న రాత్రి మీరు రాసినవన్నీ నాన్నకి చదివి వినిపించేను. ఎర్ర చెప్పు దగ్గర ఏమీ అనలేదు. రంగూన్ కథ మాత్రం రెండుసార్లు చదివించుకున్నాడు. తెల్లారి లేచి చూస్తే పడవ రెల్లులో లేదు, రేవులోనే కట్టుంది, పైన కొత్త మోకు.

మధ్యాన్నం వచ్చేరు. ఈసారి కొత్త అమ్మాయి, మా ఊరి సచివాలయం నుంచి, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా అయ్యుండదు. నాన్న ముందు ఇవ్వను అనలేదు, ఇస్తాను అనీ అనలేదు, అరుగు మీద కూచోమని కొబ్బరి బోండం కొట్టిచ్చేడు. తర్వాత నేను మెల్లగా అడిగేను, మేడమ్ రాసివ్వాలి అండి అని. ఆవిడ కోప్పడుద్దేమో అనుకున్నా. "నాకు ఎలా రాయాలో తెలీదు, పోయినసారి రాసిన నమూనా ఏదన్నా ఉందా?" అంది! నా దగ్గర డీటీ గారి పోస్టు ఉంది కదా, అది చూపించేను, దాన్ని చూసి నా చెల్లి లెక్కల నోటుబుక్కులో రాసింది, రెండు కాపీలు, కార్బన్ లేదు కాబట్టి రెండుసార్లు రాసింది పాపం. ఆవిడ పైవాళ్ళకి ఫోన్ చేసి అడిగి వాళ్ళు సరే అన్నాకే సంతకం పెట్టింది. పడవ ఒకటి, ఇంజను పనిచేస్తున్నది, చెక్కలు బాగున్నవి, గడ ఒకటి, మోకు ఒకటి, నడుపువాడు యజమానే అని రాయించేం. హాలు ఆంటీ గారూ, పద్నాలుగు ఫోటోలు తీసేను.

నడుపువాడు యజమానే అని రాసేక నాన్న లుంగీ ఎగ్గట్టి తనే ఎక్కేడు. ఇప్పటికి నాలుగు ట్రిప్పులు వేసేడంట. ఇంకా ఇంటికి రాలేదు. కాయితం తడిసిపోకుండా అమ్మ బియ్యం డబ్బాలో పెట్టింది.

డీటీ_విశ్రాంతి (8:22)
డీజిల్ ఎవరిది? రాయించేవా?

లంకబుల్లోడు (8:31)
అయ్యో. మాదేనండి, ఇరవై లీటర్ల క్యాను.

డీటీ_విశ్రాంతి (8:33)
రేపు పొద్దున ఆ అమ్మాయి వచ్చినప్పుడు కింద ఒక లైను వేయించు, తేదీ వేసి. మర్చిపోకు.